వకేషోకి, పక్క గది నుంచి

ఉప్పు కోసం వచ్చావు కదా, కూర్చో.
ఆ జెర్రీ క్యాను తిరగేస్తే అదే పీట.
తైతా కొండల మీంచి దిగొచ్చి
ఎన్నాళ్ళయింది, తొమ్మిది రోజులా?
గోడ పల్చన. నీ చిల్లర లెక్క
రాత్రి నాకు వినిపించింది,
ఒకసారి కాదు, మూడుసార్లు.
మూడుసార్లు లెక్కపెడితే పెరగదు వకేషో.
నేనూ పెట్టి చూశాను.

నీళ్ళు మంగళవారం, శుక్రవారం.
శుక్రవారం రాకపోవచ్చు.
బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెలకి,
గిన్నెల నీళ్ళు మరుగుదొడ్డికి.
ఈ మేడలో ప్రతి బిందెడు నీళ్ళకీ
మూడు జన్మలు.

కరెంటు ముందే కొనుక్కోవాలి.
ఫోనుకి ఇరవై అంకెలొస్తాయి,
మీటరు మీద ఒక్కోటీ నొక్కాలి.
మొదటి నెల పందొమ్మిదో అంకె తప్పు కొట్టి
చీకట్లో కూర్చుని ఏడ్చాను.
ఇప్పుడు పైకే చదువుకుంటాను అంకెలు,
గదిలో ఇంకెవరో ఉన్నట్టు.

జీతం రాగానే అద్దె.
అయిదో తారీఖు దాటిందా
కేర్‌టేకర్ నీ తలుపుకి తన తాళం వేస్తాడు,
నీ చెప్పులు లోపలే ఉండిపోతాయి.
తర్వాత ఫోన్లు మొదలవుతాయి,
పిన్ని కొడుకు, మేనమామ, చర్చి వాళ్ళు,
"నైరోబీలో ఉన్నావుగా" అంటూ.
ఉన్నాను అను. అంతవరకే అను.

బీన్సు ఆదివారమే ఉడకేసుకో, వారానికంతా.
బొగ్గుల కుంపటి మాత్రం
ఎంత చలైనా తలుపేసి వెలిగించకు.
ఆరో నంబరులో ఒకమ్మాయి...
సరే, అది ఇంకో రోజు చెప్తాను.

మెట్ల కింద మామా ముటిండా
పది షిల్లింగులకి సుకుమా వికీ తరిగిస్తుంది.
వారాన్ని నెట్టు అని ఒక ఆకుకి పేరు పెట్టినవాళ్ళు
ఇలాంటి గదిలోనే ఉండుంటారు.
కొన్ని బుధవారాలు ఆకుతో కదలవు.
ఆ రోజు ఒక వేడి చపాతీ కొనుక్కో,
లెక్క పుస్తకంలో రాయకు.

బట్టలకి గికోంబా, మూటలు విప్పే వేళకి పో.
కోటు జేబులు తడిమి చూడు.
నాకోసారి బస్సు టికెట్టు దొరికింది,
నాకు రాని భాషలో.
ఎక్కడికో వెళ్ళాల్సిన మనిషి కోటు తొడుక్కుని
నేను వానలో పనికి నడిచాను,
వాన పడితే మటాటు వాడు రెట్టింపు అడుగుతాడని.

అన్నిటి దగ్గరా పిసినారివవ్వు,
తాళం దగ్గర తప్ప.
నీ తలుపుది చూశాను, తలపిన్నుతో వస్తుంది అది.
ఇత్తడిది కొను. తొమ్మిది వందలు.
నెలంతా మాంసం మాటెత్తకు, అయినా కొను.
రెండో తాళంచెవి ఎవరికీ ఇవ్వకు.
ప్రేమించానన్నవాడికి అసలే ఇవ్వకు.
మళ్ళీ అడుగుతాడు, నవ్వుతూ అడుగుతాడు.
నేనిచ్చాను.
రేడియో పోయింది, పరుపు కింద మూడు వేలు పోయాయి.
అవి కాదు.
నా గదిలోకి నేను అడుగు పెట్టలేక
గుమ్మంలో నిలబడ్డానే, ఆ కాసేపటి ఖరీదు
ఏ పుస్తకంలో రాయాలో ఇప్పటికీ తెలీదు.

ఏమిటది చేతిలో?
తెర గుడ్డా? పసుపు రంగుదా?
మూడు వందలు పోశావా,
ఎదురుగోడ తప్ప ఏమీ కనబడని కిటికీకి!

ఇదిగో, తిడదామనే నోరు తెరిచాను.
నా కిటికీ చూడు, పదకొండేళ్ళుగా
మొక్కజొన్న పిండి సంచీ.
ఎండ పడ్డప్పుడల్లా కంపెనీ పేరు
తిరగబడి గోడ మీద పాకుతుంది.
ఏ గదిలోకి మారినా
ఆ సంచీ విప్పి తెచ్చుకున్నాను,
పెళ్ళికూతురి సామాను లాగా.

ముక్కేమైనా మిగిలిందా?
లేదులే. ఊరికే అడిగాను.

ఉప్పు తీసుకో. ఇంకొంచెం తీసుకో.
కాగితం పారెయ్యకు, మడిచి తెచ్చివ్వు.
శనివారం మా చామా, తొమ్మిదిమంది ఆడవాళ్ళం,
తలా రెండొందలు.
పదో కుర్చీ లేదు.
నీ క్యాను తెచ్చుకో.